"పంటకు రాకపోయినను": పోయిందా, పోతే పోనీ అంటున్నాడా?

దేవరకొండ:
ఒక ముక్క రెండు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. మా నానమ్మ ప్రార్థనలో ఇలా అనేది: "చేనిలోని పైరు పంటకు రాకపోయినను, చెరువులో చుక్క లేకపోయినను, నేను యెహోవాయందు ఆనందించెదను." బైబిల్లో హబక్కూకు ప్రవక్త పుస్తకం, మూడో అధ్యాయమని తెలుసు. కానీ పుస్తకంలో అంజూరం, ద్రాక్ష, ఒలీవ, పైరు, గొఱ్ఱెలు, పశువులు ఉన్నాయి కానీ చెరువు లేదు. ఇది ఎక్కడిది? పాత అనువాదమా, కీర్తనా?

అరసున్న:
చెరువు సంగతి తర్వాత చూద్దాం. అసలు చిక్కు "రాకపోయినను" చివర ఉన్న "ను"లో ఉంది. పంట పోయాక అంటున్నాడా, పోతే పోనీ అంటున్నాడా? "వాన వచ్చినా వెళ్ళాను", "వాన వచ్చినా వెళ్తాను". రూపం ఒకటే, తేల్చేది ముఖ్యక్రియ. ఇక్కడ ముఖ్యక్రియ "ఆనందించెదను", అంటే ముందు జరగబోయేది. నా ఓటు "ఒకవేళ"కే.

జడ్చర్ల రైలు:
ఓటు వెనక్కి తీసుకోండి సార్. "జీతం రాకపోయినా రేపు పనికి పోతా" అంటే, రేపు పోయేది పనికి, రాని జీతం మాత్రం పోయిన నెలది. పాలమూరులో ఈ వచనం చదివేవాళ్ళకు "ఒకవేళ" ఎక్కడిది? ముంబై, పుణె వెళ్ళి మట్టిపని చేసి వచ్చినవాళ్ళు సంఘంలో నిలబడి "పంటకు రాకపోయినను" అన్నారంటే అది పోయిన వానాకాలం లెక్కే.

మూసీ ఒడ్డు:
పై వచనం ఎవరూ చూడరేం? పదహారో వచనంలో పెదవులు వదరుతున్నాయి, కాళ్ళు వణుకుతున్నాయి అంటాడు. దాడి చేసేవాళ్ళు వచ్చే రోజు కోసం ఊరుకుని కనిపెట్టాలంటాడు. అంటే దండెత్తబోయే కల్దీయులు, బబులోనువాళ్ళు, ఇంకా రాలేదు. పైరు ఇంకా చేనిలోనే ఉండొచ్చు. వణుకు మాత్రం ముందే వచ్చేసింది. ఆ వణుకు తగ్గిందని ఎక్కడా చెప్పడు, దాని పక్కనే "ఆనందించెదను" అంటాడు. విశ్వాసికి టెన్షన్ ఉండకూడదని ప్రసంగంలో ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఈ రెండు వచనాలూ కలిపి చదివి వినిపించాలనిపిస్తుంది.

అరసున్న:
అంటే నా పక్షమే కదా. ఇంకో ఆధారం ఉంది: అంజూరం దగ్గర "పూయకుండినను" అని మొదలుపెట్టి తర్వాత "పోయినను"లోకి మారాడు. "-కుండిన" ఇంకా జరగనిది, "-పోయిన" జరిగిపోయినది. అనువాదకులు ఊరికే మార్చరు.

పానగల్లు:
"ఒలీవచెట్లు కాపులేకయుండినను". మూడోది. సిద్ధాంతం అక్కడే పడిపోయింది గురువుగారూ. కానీ మీ అదృష్టం, హీబ్రూలో మొదటి క్రియ నిజంగానే వేరు. అంజూరం దగ్గర "తిఫ్రాహ్" అసంపూర్ణ రూపం, అంటే పని ముగియనట్టు చెప్పేది. ద్రాక్ష దగ్గర క్రియే లేదు, ఫలం "లేదు" అని ఊరుకున్నాడు. ఒలీవ, పైరు, గొఱ్ఱెల దగ్గర సంపూర్ణ రూపాలు, ముగిసినట్టు చెప్పేవి. వీటన్నిటికీ ముందు "కీ" అని ఒక చిన్న మాట ఉంది. దానికి సందర్భాన్ని బట్టి ఎందుకంటే, అయినా, ఒకవేళ, అప్పుడు, ఏదైనా కావచ్చు. మనం కొట్టుకుంటున్నది అక్కడి నుంచే వచ్చిన తగాదా.

అరసున్న:
"కాపులేకయుండినను" అచ్చుతప్పు కాదని నమ్మకమేనా?

పానగల్లు:
మీకు అడ్డొచ్చినదల్లా అచ్చుతప్పే.

దేవరకొండ:
చెరువు?

బత్తాయి:
అక్కా, చెరువు మీ నానమ్మ కలిపిందే అనుకుంటా. చదువు రాని పెద్దలు విని కంఠతా పట్టిన వచనాలవి. అంజూరం చూసినవాళ్ళు కాదు, ఒలీవ అసలే తెలియదు. మా సంఘంలో ఒకాయన "బోరులో నీళ్ళు లేకపోయినను" కలిపేవాడు. ఇంకో తరం పోతే బత్తాయి తోట కూడా చేరుతుంది.
ఒక మాట చెప్పాలి. మా మర్రిగూడ వైపు దీనికంటే తర్వాతి వచనమే ఎక్కువ వినిపిస్తుంది: "ఆయన నా కాళ్లను లేడికాళ్లవలె చేయును." ఫ్లోరైడ్ నీళ్ళకు కాళ్ళు వంకరపోయిన పెద్దమనిషి ఒకాయన మంచం మీద కూర్చుని ఇది చెప్పేవారు. చిన్నప్పుడు పొగరుగా అడిగాను, ఎప్పుడు చేస్తాడు తాతా అని. "చేస్తడు. నువ్వు చాయ్ తాగు" అన్నారు. ఆయన మొహంలో నా ప్రశ్నకు కోపం లేదు, బాధ కూడా లేదు. అప్పుడు నాకే సిగ్గేసింది.

అరసున్న:
"చేయును" తద్ధర్మార్థకం. ఎప్పుడూ చేసేవాడు, ఇక చేయబోయేవాడు, రెండూ వస్తాయి. ఆయన సరిగ్గానే చెప్పారు.

గజేంద్రం:
ఇంతమందిలో ఒక్కరూ పోతన్న పేరెత్తలేదు! "లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె". చూడండి, ఏనుగు "లేదు" అని వాక్యం తెంచేస్తుంది. తన దగ్గర లేనివి ఒక్కొక్కటీ విడివిడిగా ఒప్పుకుని, అప్పుడు "నీవే తప్ప నితఃపరం బెఱుఁగ" అంటుంది. హబక్కూకులో లేనివన్నీ ఒకే వాక్యంలో గుచ్చేశారు. ఆరు "నను"లు దాటితే గానీ ఊపిరి తీసుకోనివ్వడు. రెండింట్లోనూ గొప్ప అల్లికే, కానీ నా మనసు ఏనుగు వైపే. దయచేసి పోతన్నది ఓరుగల్లా ఒంటిమిట్టా అని మాత్రం మొదలుపెట్టకండి.

పానగల్లు:
మొదలుపెట్టను. కానీ ఏనుగు కాపాడమని అడిగింది. ఈ రెండు వచనాల్లో హబక్కూకు పంట ఇమ్మని అడగడు.

గజేంద్రం:
ఏనుగు అడిగింది "కలఁడు గలండనెడువాఁడు గలఁడో లేఁడో" అన్నాక! అంత అనుమానం దాటి వచ్చిన పిలుపు అది.

మూసీ ఒడ్డు:
ఆ అనుమానం ఇక్కడా ఉంది. మొదటి అధ్యాయం రెండో వచనం: "యెహోవా, నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు?" ఆ ఫిర్యాదుతో మొదలైన పుస్తకమే "ఆనందించెదను" దగ్గరికి వచ్చింది. మధ్యలో పరిస్థితి మారిందా అంటే లేదు.

జడ్చర్ల రైలు:
ఆగండి ఆగండి. "మొఱ్ఱపెట్టినను"! అదే "ను". ఒకవేళ పెడితే అనా? పెట్టాడు, పెడుతూనే ఉన్నాడు. అరసున్న గారూ, అదే ప్రవక్త, అదే అనువాదం.

అరసున్న:
అది మొర, ఇది పాట. మూడో అధ్యాయం వాద్యములతో పాడదగినదని పైనే రాసి ఉంది. పాటలో వ్యాకరణం కొంచెం సడలుతుంది.

జడ్చర్ల రైలు:
మీకు కావలసినప్పుడు సడలుతుంది.

పానగల్లు:
నా సిద్ధాంతం కూడా పెడతాను, తిట్టండి. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని ఫిలిప్పీయులకు పౌలు రాసింది బంధకాల్లో ఉండి. ఆ "ఎల్లప్పుడును"లోని "ను", ఈ "పోయినను"లోని "ను" ఒకటే: దేన్నీ బయట వదలకుండా కలుపుకునే సముచ్చయం. పంట వచ్చిన ఏడూ అందులోకి వస్తుంది, రాని ఏడూ వస్తుంది. అదే పత్రికలో "నేనేస్థితిలో ఉన్నను" అని ఇంకోసారి పట్టుకున్నాడు, పైగా "నేర్చుకొనియున్నాను" అన్నాడు. పుట్టుకతో వచ్చిన సంతోషమైతే నేర్చుకోవడమెందుకు? ఇలా చూస్తే ఒకవేళా, నిజంగానా అన్న పేచీయే అక్కర్లేదు.

అరసున్న:
పేచీ అక్కర్లేదంటే ఈ గుంపు మూసుకోవాల్సిందే. "ఎల్లప్పుడును"లో ఉన్నది నామానికి చేరిన "ను", ఇది క్రియకు చేరినది. కలపడం కుదరదు.

బత్తాయి:
నానమ్మలకు కుదిరింది సార్.

జడ్చర్ల రైలు:
ఇంకో పేచీ. "సాలలో పశువులు లేకపోయినను" అని అచ్చు వేశారు. శాల ఎందుకు కాదు? మా వైపు ఎవరూ సాల అనరు, కొట్టం అంటరు.

అరసున్న:
శాల తత్సమం, సాల తద్భవం. "దొడ్డి" పక్కన సాలే నిలుస్తుంది. శాల పెడితే పాఠశాల గుర్తొస్తుంది.

బత్తాయి:
నల్లగొండలోనూ కొట్టమే. దొడ్డి వేరు, దానికి కప్పు ఉండదు.

జడ్చర్ల రైలు:
మా ఊళ్ళో కప్పున్నదాన్ని కూడా దొడ్డి అనడం నేను విన్నాను. ఫొటో పెడతా ఆగండి.