సుగ్గి నుంచి తిరిగివచ్చిన పిల్లలు బడిలో తలెత్తుకుని కూర్చోవాలంటే మేము ఏమి మార్చుకోవాలి?

ప్రశ్న: గణిత ఉపాధ్యాయురాలు, కర్నూలు జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఆదోనికి దగ్గరలో ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. మా పశ్చిమ మండలాల గురించి తెలిసినవారికి సుగ్గి అంటే ఏమిటో చెప్పనవసరం లేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను: వానాకాలం పంట పని ముగిసి ఊళ్లో కూలి దొరకని రోజులు మొదలవగానే ఇక్కడి కుటుంబాలు పిల్లాపాపలతో సహా గుంటూరు, పల్నాడు వైపు తరలిపోతాయి. మొదట పత్తి తీస్తారు, తరువాత మిరపకాయలు కోస్తారు. కొందరు సంక్రాంతికి ఒకసారి వచ్చి వెళ్తారు గాని, ఎక్కువమంది ఉగాది వరకు ఇల్లు చేరరు. అంతవరకు మా తరగతుల్లో వెనుక బల్లలు ఖాళీగానే ఉంటాయి.

ఈ ఉగాదికి తిరిగివచ్చిన ఎనిమిదవ తరగతి అమ్మాయి ఒకతె నాలుగు రోజులు బడికి వచ్చి మానేసింది. కారణం తెలుసుకోవడానికి వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అక్కడ మేస్త్రీ తిడతాడు గాని, నన్ను చూసి ఎవరూ నవ్వరు టీచర్" అంది. నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. ఆమె వచ్చిన మొదటి రోజు హాజరు వేస్తూ, "ఇప్పటికి దారి తెలిసిందా తల్లీ?" అని అడిగింది నేనే. తరగతి అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ మాటలో నాకు ఏ దురుద్దేశమూ లేదు, కాని ఆ పిల్లకు అది ఎలా తగిలిందో ఆ సాయంత్రం వరకు నాకు తెలియలేదు.

మా బడిలో బెత్తం వాడడం మానేసి చాలా ఏళ్లయింది. ఆ విషయంలో మేమందరం కొంత గర్వంగానే ఉన్నాము. ఇంటికి వచ్చి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మళ్లీ చదివాను. అది శారీరక దండనను, మానసిక వేధింపును ఒకే వాక్యంలో నిషేధించింది. మేము అందులో సగం పాటించి, మొత్తం పాటించామని అనుకుంటూ వచ్చాము.

వేసవి సెలవులకు మూడు వారాలే ఉన్నాయి. ఈ పిల్లలు ఇప్పుడు జారిపోతే జూన్‌లో తిరిగివస్తారన్న నమ్మకం నాకు లేదు. సమావేశాల్లో వినే పెద్ద మాటలు కాకుండా, రోజువారీ బడి నడకలో మీరు నిజంగా మార్చి చూసినవి ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి.

సమాధానం: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, అనంతపురం

అమ్మా, మీరు ఆ పిల్ల ఇంటి గడప తొక్కారు. అక్కడ విన్న మాటను దాచుకోకుండా ఇక్కడ రాశారు. సగం పని అక్కడే మొదలైంది.

ముందుగా నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. వలస నుంచి వచ్చిన పిల్లలకు ఉత్సాహం కలగాలని ఒక ఏడాది ప్రార్థన సమావేశంలో వారిని ముందుకు పిలిచి, బడి అందరిచేతా చప్పట్లు కొట్టించాను. నలుగురు పిల్లలు తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడ్డారు. మరునాడు వారిలో ఇద్దరు రాలేదు. వెక్కిరింతకైనా, చప్పట్లకైనా ఆ పిల్లలను వేరుగా నిలబెట్టడమే జరిగిందని నాకు అప్పుడు అర్థమయింది. తిరిగివచ్చిన పిల్లవాడు కోరుకునేది వేడుక కాదు. నిన్న కూడా వచ్చినట్టే ఈ రోజు తరగతిలో కూర్చోగలగడం.

అందుకే తరువాతి ఏడాది నుంచి మూడు విషయాల మీద పట్టుబట్టాము. వెళ్లిన పిల్లవాడి బల్ల, అతని పక్కన కూర్చునే స్నేహితుడు మారకూడదు. ఆ చోటును మరొకరికి ఇచ్చేస్తే, వచ్చినవాడు తనంతట తానే చివరి బల్లకు వెళ్లిపోతాడు. హాజరు వేసేటప్పుడు ఎవరి గైర్హాజరు మీదా వ్యాఖ్య చేయకూడదు. అడగవలసింది ఏదైనా ఉంటే భోజన విరామంలో, చెట్టు కింద, ఒంటరిగా అడగాలి. మూడవది మా ఉపాధ్యాయులకే అన్నిటికన్నా కష్టమయింది: పరీక్షా పత్రాలు ఇచ్చేటప్పుడు మార్కులు పైకి చదవకూడదు. పత్రాన్ని మడిచి చేతికి ఇవ్వడమే. "మార్కులు చదవకపోతే పిల్లలకు పట్టుదల ఎలా వస్తుంది?" అని ఒక సహోద్యోగి నాతో నెల రోజులు వాదించారు. పైకి చదివినప్పుడు పట్టుదల వచ్చేది మొదటి అయిదుగురికే అని, చివరి పదిమంది ఆ రోజు మధ్యాహ్నం నుంచే పాఠం వినడం మానేస్తున్నారని, ఆయన తన తరగతిలోనే గమనించి చూసిన తరువాత వాదన ఆగిపోయింది.

ఆలస్యంగా వచ్చేవారిని గేటు దగ్గర నిలబెట్టడం కూడా మానుకోండి. మా బడిలో రోజూ ఆలస్యమయ్యే ఒక పిల్లవాడిని కారణం అడిగితే, వాళ్లమ్మ తెల్లవారుజామునే కూలికి పోతుందని, చెల్లెలికి జడ వేసి అంగన్‌వాడీలో దింపి వస్తున్నాడని తెలిసింది. ఆ పిల్లవాడిని మేము ఏడాదిన్నర పాటు ఎండలో నిలబెట్టాము. ఆ సంగతి ఈనాటికీ నన్ను బాధిస్తూనే ఉంది.

సమాధానం: ఒక తల్లి, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యురాలు

నేను కూడా చిన్నప్పుడు మా అమ్మానాన్నలతో సుగ్గికి వెళ్లిన దానిని, కాబట్టి ఆ అమ్మాయి అన్న మాట నాకు బాగా అర్థమయింది. రోజంతా మిరపకాయలు కోసిన చేతులు రాత్రి ఎంత కడిగినా మండుతూనే ఉంటాయి. తెలియక కళ్లు నులుముకుంటే ఏడుపు ఆగదు. చేను గట్టున వేసుకున్న గుడారంలో అందరం నిద్రపోయేవాళ్లం. అన్ని నెలలు అలా గడిపి వచ్చిన పిల్లకు పుస్తకం తెరవగానే అక్షరాలు కొత్తగా కనిపిస్తాయి. ఆ సమయంలో ఎవరు నవ్వినా, తాను బడికి పనికిరానని ఆ పిల్ల తీర్మానించుకుంటుంది.

మేము వెళ్లినప్పుడు బడి నుంచి ఫోన్ వచ్చేది ఎప్పుడో తెలుసా టీచర్ గారూ? పరీక్షలకు ముందు, ఎప్పుడు వస్తారో చెప్పమని. ఇప్పుడు మా ఊరి బడిలో ఒక తెలుగు టీచర్ ఉన్నారు. ఆమె నెలకు ఒకసారి ఫోన్ చేసి, పిల్లవాడిని పిలవమని, అన్నం తిన్నావా, జ్వరం తగ్గిందా అని అడిగి పెట్టేస్తారు. చదువు మాట ఎత్తరు. ఆమె తరగతి పిల్లలు ఊరికి రాగానే, సామాను దించకముందే ఆమె కోసం బడికి పరుగెత్తడం నేను చూశాను.

ఇంకొక విషయం చెప్పాలి. కమిటీ సమావేశం పని రోజున ఉదయం పదకొండు గంటలకు పెడితే మా వంటివాళ్లం ఒక రోజు కూలి పోగొట్టుకుని రావాలి. రాకపోతే తల్లిదండ్రులకు శ్రద్ధ లేదని రాసుకుంటారు. మేము అడిగిన తరువాత మా ప్రధానోపాధ్యాయుడు గారు సమావేశాన్ని సాయంత్రం ఆరు గంటలకు, రామాలయం అరుగు మీదికి మార్చారు. ఆడవాళ్లందరం కలిసి మరుగుదొడ్డికి నీళ్లు లేవన్న మాట పైకి చెప్పగలిగింది ఆ అరుగు మీదే. పెద్ద పిల్లలు నెలలో ఆ నాలుగు రోజులు ఎందుకు రావడం లేదని బడిలో మగ సార్లు తల పట్టుకునేవారు. తలుపుకు గడియ, తొట్టెలో నీళ్లు ఉంటే చాలని అప్పటివరకు వారికి ఎవరూ చెప్పలేదు.

సమాధానం: ఉపాధ్యాయ శిక్షణ సంస్థ అధ్యాపకుడు

పై ఇద్దరు చెప్పినవి అనుభవంతో చెప్పినవి, వాటితో నేను ఏకీభవిస్తున్నాను. అయితే ఒక హెచ్చరిక అవసరమనిపిస్తోంది. తిరిగివచ్చిన పిల్లను ఆప్యాయంగా పలకరించి, అదే బల్ల మీద కూర్చోబెట్టి, ఆమె పోగొట్టుకున్న పాఠాలను మాత్రం వదిలేస్తే, రెండు వారాలకు ఆ ఆప్యాయత కూడా ఆమెకు బరువవుతుంది. ప్రతి గణిత పీరియడూ తనకు ఏమీ రాదని గుర్తుచేస్తుంటే ఏ పిల్లకైనా బడి భయం పోదు. చట్టం కూడా ఈ రెండింటినీ వేరు చేయలేదు. బడి మానేసి వచ్చిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, మిగిలినవారితో సమానంగా నిలిచేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతుంది. పిల్లల సర్వతోముఖాభివృద్ధి, భయం ఆందోళన లేని చదువు, తన అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పగలగడం, ఇవన్నీ 29వ సెక్షన్‌లో పాఠ్యప్రణాళికకు సంబంధించిన నియమాలుగానే ఉన్నాయి.

వెళ్లేముందు చేయగలిగిన పని కూడా ఉంది. వలస కాలపు హాస్టల్ దగ్గరలో ఉంటే పిల్లలను అందులో ఉంచేలా తల్లిదండ్రులతో ముందే మాట్లాడండి. వెంట తీసుకుని వెళ్లక తప్పని కుటుంబాలకు, అక్కడి ప్రభుత్వ బడిలో చేరే హక్కు 5వ సెక్షన్ కింద ఉందని, బదిలీ పత్రం ఆలస్యమయిందన్న కారణంతో చేర్చుకోము అనడానికి వీలు లేదని చెప్పండి.

మీ సిబ్బంది సమావేశం విషయంలో ఒక ఉదాహరణ. అమెరికాలోని న్యూహేవెన్ నగరంలో 1968లో జేమ్స్ కోమర్ అనే పిల్లల మనోవైద్యుడు రెండు ప్రాథమిక పాఠశాలలతో పని మొదలుపెట్టారు. అవి పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు చదివే బడులు. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి కూర్చునే బృందానికి ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి, సమస్య గురించి మాట్లాడేటప్పుడు తప్పు ఎవరిదని వెతకకూడదన్నది. "తల్లిదండ్రులే తీసుకుపోతున్నారు, మేమేమి చేయగలం?" అన్న మాటతో మన దగ్గర ఎన్ని సమావేశాలు ముగిసిపోతాయో మీకు తెలుసు. ఆ మాటను ఒక్క గంట పక్కన పెట్టగలిగితే, ఏ పిల్లకు ఏ పాఠం ఎవరు ఎప్పుడు చెప్పాలన్న లెక్క మొదలవుతుంది.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయురాలు:

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. సాయంత్రపు సమావేశం గురించి మా ప్రధానోపాధ్యాయుడు గారితో మాట్లాడాను. ఈ శనివారం కన్నడం, తెలుగు రెండూ మాట్లాడగలిగిన ఒక తల్లి ఇంటి ముందు పెట్టడానికి ఒప్పుకున్నారు. మార్కులు పైకి చదవడం మా గణితం, సామాన్యశాస్త్రం వరకు ఈ వారమే ఆపేశాము. మిగిలిన సబ్జెక్టుల వారు ఇంకా ఆలోచిస్తున్నారు. తిరిగివచ్చిన ఏడుగురికి ప్రార్థనకు ముందు అరగంట సేపు ఏకచరరాశి సమీకరణాలు మొదటి నుంచి చెబుతున్నాను.

నిన్న సాయంత్రం ఆ అమ్మాయి ఇంటికి మళ్లీ వెళ్లాను. ఆ రోజు నేను అన్న మాట తప్పని, అందరూ నవ్వుతుంటే ఆపకపోవడం ఇంకా పెద్ద తప్పని, వాళ్లమ్మ ముందే ఆ పిల్లతో చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. నేను వాకిలి దాటుతుంటే వెనుక నుంచి వచ్చి, తన లెక్కల నోటుబుక్కు గుడారంలో వానకు తడిసిపోయిందని, రేపు కొత్తది లేకుండా వస్తే ఫరవాలేదా అని అడిగింది.