తిరమిసు ఫిల్లింగ్ చాక్లెట్‌లో కాఫీ రుచి తెలియాలంటే ఎలా తినాలి?
తిరమిసు (కాఫీ, క్రీమ్, బిస్కెట్లతో చేసే ఇటాలియన్ స్వీట్) రుచి ఫిల్లింగ్ ఉన్న మిల్క్ చాక్లెట్ బార్ ఒకటి తెచ్చుకున్నాను. విరిస్తే మధ్యలో లేత గోధుమరంగు క్రీమ్, అందులో బిస్కెట్ పలుకులు. కాఫీ వాసన గుప్పుమంటోంది. నోట్లో పెట్టుకుంటే మాత్రం తీపే ముందుకొస్తోంది, కాఫీ చేదు చివర్లో ఎక్కడో లీలగా తగులుతోంది.

ఫ్రిజ్‌లో పెట్టలేదు. చాక్లెట్‌లో ఉండే కొవ్వు, అంటే కోకో బటర్, సుమారు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కాబట్టి నోటి వేడి సరిపోవాలి. పాలు, చక్కెర చేదును కప్పేస్తాయని తెలుసు, కానీ ఇంతగానా?

నమలకుండా నాలుక మీదే కరగనివ్వాలా? పై పొరను, క్రీమ్‌ను విడివిడిగా రుచి చూస్తే తేడా తెలుస్తుందా? ముక్కకీ ముక్కకీ మధ్య గోరువెచ్చని నీళ్లు తాగితే మేలా? ఇలాంటి ఫిల్లింగ్ చాక్లెట్లు శ్రద్ధగా రుచి చూసేవాళ్లు మీ పద్ధతి కాస్త వివరంగా చెప్పండి. ఇంకా సగం బార్ మిగిలే ఉంది.