కోళ్ల రక్తంలోని ప్రోటీన్లను బట్టి రోగం ఏదో తేలుతుందా?

ప్రశ్న: మా లేయర్ ఫారంలోని రెండు షెడ్లలో మేత వాడకం, గుడ్ల దిగుబడి తగ్గాయి. కొన్ని కోళ్లకు గురక ఉంది, మరణాలు మాత్రం పెద్దగా లేవు. రక్తంలో ఆల్ఫా-1 ఆసిడ్ గ్లైకోప్రోటీన్ స్థాయి చూపిస్తే రోగం బయటపడుతుందని ఒకరు చెప్పారు. ఆ ఫలితాన్ని నమ్మి మందు మొదలుపెట్టవచ్చా?

సమాధానం: మొదలుపెట్టవద్దండి. రోగక్రిమి ప్రవేశించినప్పుడు రక్షణ కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేతాలను అందుకొని కాలేయం కొన్ని ప్రోటీన్లను ఎక్కువగా తయారుచేస్తుంది. మీరు పేర్కొన్న ప్రోటీన్‌తో పాటు సీరం అమైలాయిడ్-ఎ, ఓవోట్రాన్స్‌ఫెరిన్ ఆ కోవలోవే. రక్తంలో మామూలుగా ఎక్కువగా ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మాత్రం తగ్గుతుంది. అయితే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే వైరస్ శ్వాస రోగంలోనూ, ఈ-కోలై బ్యాక్టీరియా సోకినప్పుడూ, చివరకు గాయమైనా కూడా ఇవి పెరుగుతాయి కనుక, కోడి శరీరంలో వాపు ప్రక్రియ నడుస్తున్నదని మాత్రమే వీటివల్ల తెలుస్తుంది. వైరస్ రోగమైతే యాంటీబయాటిక్ ఖర్చు వృథా. నా దృష్టిలో వీటి అసలు ఉపయోగం, పైకి లక్షణాలు కనిపించని షెడ్డులో తేడాను ముందుగా పసిగట్టడం. అందుకు అదే వయసు, అదే జాతి ఆరోగ్యవంతమైన కోళ్ల నమూనాలతో పోల్చి చూడాలి.

ప్రశ్న: మనుషులకు, పశువులకు వాడే కిట్లు పనికివస్తాయా డాక్టరు గారూ?

సమాధానం: కోడి ప్రోటీన్‌ను గుర్తించగలదని నిర్ధారించిన కిట్ అయితేనే వాడండి. పశువులలో కొలిచే హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీన్‌కు కోడిలో జన్యువే లేదు. హీమోగ్లోబిన్‌ను పట్టుకునే ఆ పనిని పీఐటీ54 అనే వేరొక ప్రోటీన్ చేస్తుంది. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ విషయంలోనూ తేడా ఉంది: క్షీరదాలలో వాపు సమయంలో అది తగ్గితే, కోళ్లలో ఓవోట్రాన్స్‌ఫెరిన్ పెరిగి, ఇనుమును బంధించి బ్యాక్టీరియాకు అందకుండా చేస్తుంది. అందువల్ల పశువుల ప్రమాణాలతో కోడి ఫలితాన్ని చదవకూడదు.

ప్రశ్న: అయితే ఇప్పుడు ఏం చేయాలి?

సమాధానం: గురక ఉన్న కోళ్ల శ్వాసనాళం నుంచి స్వాబ్‌లు (దూదిపుల్లతో తీసే నమూనాలు) తీయించి, రోగక్రిమి జన్యు పదార్థాన్ని గుర్తించే పీసీఆర్ పరీక్షకు పంపండి. రెక్క నరం నుంచి రక్తం తీయించి, గడ్డకట్టాక పైన తేరే ద్రవాన్ని, అంటే సీరంను, వేరుచేయించండి. వేరుచేయకముందు గడ్డకట్టే చలిలో పెడితే ఎర్రకణాలు పగిలి నమూనా పాడవుతుంది. కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా వేసిన మందలో యాంటీబాడీలు ఎలాగూ ఉంటాయి కాబట్టి, రెండు మూడు వారాల ఎడంతో మరోసారి సీరం తీయించి, హెచ్‌ఐ టైటర్ (ఆ తెగులుపై యాంటీబాడీల స్థాయి) ఎంత పెరిగిందో చూడాలి. ఈలోగా కోళ్లు ఒక్కసారిగా గుంపులుగా చనిపోతే మీరే కోసి చూడకుండా వెంటనే పశువైద్యాధికారికి తెలియజేయండి. బర్డ్ ఫ్లూ అనుమానం ఉంటే నమూనాలను భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు పంపించే ఏర్పాటు వారి ద్వారానే జరగాలి.