ఉప్పల్ నార్త్ స్టాండ్‌లో ఏ వరస తీసుకోవాలి?

నాన్నకు ఒక్కసారైనా ఐపీఎల్ మ్యాచ్ ఉప్పల్ స్టేడియంలో చూపించాలని ఉంది. రాత్రి 7:30 మ్యాచ్, ఇద్దరికీ కలిపి 5 వేల దాకా పెట్టగలను. నాన్నకు 65 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. ఇరవై మెట్లు ఎక్కితే కాసేపు ఆగాలి.

ఇంతకుముందు నేనొక్కడినే వెళ్లి ఈస్ట్ స్టాండ్‌లో కింది వరసల్లో కూర్చున్నాను. జనం, ఆ గోల చాలా నచ్చాయి. కానీ పిచ్‌కి పక్కగా ఉండటంతో బంతి వేగం తెలిసింది గానీ, స్వింగ్ అయిందా, తిరిగిందా అన్నది అస్సలు తెలియలేదు. నాన్న కుర్రతనంలో ఆఫ్ స్పిన్ వేసిన మనిషి. బంతి తిరగడం కనిపించకపోతే ఆయనకు ఇంట్లో టీవీయే నయం. అందుకే వికెట్లకు నేరుగా ఉండే నార్త్ స్టాండ్ అనుకుంటున్నాను.

బుకింగ్ యాప్‌లో మ్యాప్ చూశాను, వరసల ఎత్తు తెలియలేదు. యూట్యూబ్ వీడియోలన్నీ జూమ్ చేసి తీసినవే. స్నేహితులను అడిగితే "సందడి సూపర్" అంటున్నారు తప్ప ఆట ఎలా కనిపించిందో చెప్పడం లేదు.

నార్త్ స్టాండ్‌లో కూర్చున్నవాళ్లు చెప్పండి: సైట్‌స్క్రీన్ (బౌలర్ వెనక బౌండరీ దగ్గర ఉండే పెద్ద తెర) అడ్డు రాకుండా, మెట్లు తక్కువ ఎక్కి, బంతి తిరగడం చూడాలంటే కింది నుంచి ఎన్నో వరసలో టికెట్ తీసుకోవాలి?