సోర్స్ లేని కాటా ప్రోగ్రామ్: డెబియన్ వెయ్యాలా, ఓపెన్‌బీఎస్‌డీ వెయ్యాలా?

ప్రశ్న (చీమకుర్తి):
మా గ్రానైట్ యార్డులో లారీ కాటా దగ్గరున్న కంప్యూటర్ పాతబడింది. తూకం చీటీలు కొట్టే ప్రోగ్రామ్ 32 బిట్ లైనక్స్ మీద నడుస్తోంది. రాసినతను ఊళ్లో లేడు, సోర్స్ (అతను రాసిన కోడ్) మా దగ్గర లేదు. కొత్త మిషన్ కొంటున్నాం. ఒక ఫ్రెండ్ ఓపెన్‌బీఎస్‌డీ వెయ్యమంటాడు, ఇంకొకతను డెబియన్ లైనక్స్ చాలంటాడు. రెండూ యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌లే కదన్నా, తేడా ఏంది?

జవాబు (నెల్లూరు):
సోర్స్ లేదన్నావు చూడు తమ్ముడూ, తేల్చేది అదే. యూనిక్స్ తరహా సిస్టమ్‌లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయి. 32 బిట్లలో ఆ లెక్క 2038 జనవరి 19న నిండిపోతుంది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు 2014లో, 5.5 వెర్షన్‌తో, దాన్ని ఒకేసారి 64 బిట్లకు మార్చేశారు. పాత బైనరీలు (మిషన్ నడిపే ప్రోగ్రామ్ ఫైళ్లు) పోతే పోనీ, సోర్స్ నుంచి మళ్లీ తయారు (కంపైల్) చేసుకోండి అన్నారు. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ), సీ లైబ్రరీ (ప్రోగ్రాములన్నీ వాడుకునే కోడ్), కమాండ్లు అన్నీ ఒకే బృందం చేతిలో ఉన్నాయి కాబట్టి అలా చెయ్యగలిగారు.

లైనక్స్‌లో కెర్నల్ ఒకరిది, లైబ్రరీ ఇంకొకరిది, పైన నడిచే ప్రోగ్రాములు ఎవరెవరివో. కెర్నల్ మార్చినందుకు జనం ప్రోగ్రాములు ఆగిపోకూడదన్నది లైనక్స్ మొదలుపెట్టిన టోర్వాల్డ్స్ పట్టుదల. అందుకే 64 బిట్ కాలానికి కొత్త సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రాములు కెర్నల్‌ని పని అడిగే దారులు) చేర్చి పాతవాటిని ముట్టుకోలేదు. ఆ పని 2020లో 5.6 కెర్నల్‌తో గానీ కొలిక్కి రాలేదు. కోడ్ శుభ్రంగా ఉండాలంటే నాకు ఓపెన్‌బీఎస్‌డీ దారే నచ్చుతుంది. కానీ అది సోర్స్ చేతిలో ఉన్నవాళ్ల దారి. నీ కాటాకి డెబియనే వెయ్యి.

జవాబు (ఒంగోలు):
అసలు ఓపెన్‌బీఎస్‌డీలో లైనక్స్ బైనరీలు నడిపే ఏర్పాటునే 2016లో, 6.0తో, తీసేశారండీ. కాబట్టి మీ ప్రోగ్రామ్ అందులో లేవనే లేవదు. మీ ఫ్రెండ్ మాట మాత్రం పూర్తిగా కొట్టేయకండి. యార్డు ఇంటర్నెట్‌కి ఫైర్‌వాల్ కావాలంటే ఓపెన్‌బీఎస్‌డీతో వచ్చే పీఎఫ్ అనే ఫైర్‌వాల్ బంగారం. మాన్యువల్ పేజీలు చదివి సెట్ చేసుకోవచ్చు, అంత శ్రద్ధగా రాస్తారు.

ప్రశ్న అడిగినతను:
డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారంటున్నారు, మరెలా?

జవాబు (నెల్లూరు):
64 బిట్ డెబియన్ వేసి, ఐ386 (32 బిట్ పీసీ) లైబ్రరీలు చేర్చుకో. మిగతా 32 బిట్ ఆర్కిటెక్చర్లకు కాలాన్ని 64 బిట్లు చేసినా, ఐ386ని మాత్రం ఇలాంటి పాత ప్రోగ్రాముల కోసమే మార్చకుండా వదిలారు. అంటే నీది 2038 దాటదు, ఈలోగా కొత్తది రాయించుకోవాలి. కాటా ఇండికేటర్ సీరియల్ కేబుల్‌తో వస్తుంటే, కొత్త మిషన్‌కి ఆ పోర్ట్ ఉందో లేదో చూసుకుని కొను.