పెద్ద ఆటగాళ్లు రాని ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గెలిచినా బంగారమేనా?

పాతస్కేట్:
ఊహ తెలిసినప్పటి నుంచీ ఐస్ హాకీ చూస్తున్నాను. ఏటా మే నెల రాగానే అదే మాట వినాలి: "మంచివాళ్లంతా స్టాన్లీ కప్ ప్లేఆఫ్స్‌లో ఉంటే ఇదేం ప్రపంచ చాంపియన్‌షిప్?" అని. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్) కప్పు నాకౌట్ మ్యాచ్‌లు అప్పుడే జరుగుతాయి, నిజమే. అయినా ఈ మాట నాకు అస్సలు మింగుడుపడదు.

2019 చూడండి. ఫిన్లాండ్ జట్టులో పేరున్న ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు దాదాపు లేరు. కెప్టెన్ మార్కో ఆంటిలా ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ జట్టు సెమీస్‌లో ఒవెచ్‌కిన్, మాల్కిన్, కుచెరోవ్ లాంటి స్టార్లున్న రష్యాను 1-0తో ఓడించింది. ఆ ఒక్క గోలూ ఆంటిలాదే. ఫైనల్లో కెనడాను 3-1తో ఓడించారు, అందులో రెండు మళ్లీ ఆంటిలావే. ఇది బంగారం కాకపోతే ఏది బంగారం?

పిలిస్తే వచ్చి జెర్సీ వేసుకున్నవాళ్లే దేశం జట్టు. రానివాళ్ల పేరు చెప్పి వచ్చినవాళ్లను తక్కువ చేయడం అన్యాయం. నా దృష్టిలో ఒలింపిక్స్ కన్నా ఇదే అసలైన అంతర్జాతీయ హాకీ.

సెంటర్‌ఐస్:
పాతస్కేట్ గారూ, ఫిన్లాండ్ గెలుపును నేనేమీ కాదనను. కానీ ఒక్క మంచి ఏడాది చూపించి మొత్తం టోర్నీకి ముద్ర వేస్తున్నారు.

1970 నుంచి 1976 దాకా ప్రొఫెషనల్ ఆటగాళ్లను రానివ్వడం లేదని కెనడా అసలు ఈ టోర్నీకే రాలేదు. ఆ ఏడేళ్లలో ఐదుసార్లు సోవియట్ జట్టే చాంపియన్. అది గొప్ప జట్టే. అయినా ఆ గొప్పతనం జనానికి నిజంగా తెలిసింది 1972లో, కెనడా ప్రొఫెషనల్స్‌తో 8 మ్యాచ్‌ల సిరీస్ ఆడినప్పుడు. చివరి మ్యాచ్‌లో, మాస్కోలో, 34 సెకన్లు మిగిలి ఉండగా హెండర్సన్ గోల్ కొడితే గానీ కెనడా గట్టెక్కలేదు. ఆ సిరీస్‌కు పతకం లేదు, అయినా ఈనాటికీ చెప్పుకుంటున్నాం. 1971 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫలితం చూడకుండా చెప్పగలవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు?

2010 వాంకూవర్ ఒలింపిక్స్ ఫైనల్ గుర్తుందా? 24 సెకన్లు మిగిలి ఉండగా అమెరికా తరఫున పరీసే స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో కెనడా ఆటగాడు క్రాస్బీ మూలలో ఉన్న సహచరుడు ఇగిన్లాను గట్టిగా పేరుపెట్టి పిలిచాడు, పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) అందుకున్నాడు, అమెరికా గోల్‌కీపర్ మిల్లర్ సర్దుకునేలోపే కాళ్ల మధ్యనుంచి లోపలికి తోసేశాడు. రెండువైపులా ఉన్నది ఆ దేశాల్లో అత్యుత్తములు. ఓడినవాడికి చెప్పుకోవడానికి సాకు లేదు. నాకు కావాల్సింది అది.

బ్లూలైన్_4:
వాంకూవర్ రింక్ ఎన్‌హెచ్‌ఎల్ కొలతది. 26 మీటర్ల వెడల్పే. అప్పటి అంతర్జాతీయ కొలత 30 మీటర్లు. వెడల్పు మంచు మీద ఆడే యూరప్ జట్లకు అక్కడే దెబ్బ పడింది. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

పాతస్కేట్:
సాకు లేదంటున్నారు కదా సెంటర్‌ఐస్ గారూ, మరి మీ "అత్యుత్తముల" టోర్నీకి ఎవరిని పిలిచారో చూద్దాం. 2025 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్ పెట్టిన 4 నేషన్స్ టోర్నీలో నాలుగే జట్లు: కెనడా, అమెరికా, స్వీడన్, ఫిన్లాండ్. అప్పటికి ప్రపంచ చాంపియన్ ఎవరు? చెక్ రిపబ్లిక్. 2024లో ప్రాగ్‌లో స్విట్జర్లాండ్‌ను 2-0తో ఓడించి గెలిచింది. చాంపియన్‌కే చోటులేని టోర్నీ అత్యుత్తములదా?

ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 16 జట్లు ఆడతాయి. కింద ఉన్న డివిజన్లో గెలిచినవాళ్లు పైకి వస్తారు. 2019లో బ్రిటన్ అలాగే వచ్చింది. ఫ్రాన్స్‌తో 0-3తో వెనకబడి, ఓవర్‌టైమ్‌లో 4-3తో గెలిచి పై డివిజన్లో నిలబడింది. మీ పద్ధతిలో వాళ్లకు తలుపే ఉండదు.

రెండో_పీరియడ్:
68 నంబర్ సంగతి ఎవరూ ఎత్తరేం? 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చాయి. మరుసటి మార్చిలో స్టాక్‌హోమ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో చెకోస్లొవేకియా సోవియట్ జట్టును రెండుసార్లు ఓడించింది, 2-0, 4-3. జనం వీధుల్లోకి వచ్చారు. చివరికి దక్కింది కాంస్యమే. చెక్ స్టార్ యాగర్ జెర్సీ మీద 68 నంబర్ వేసుకున్నది ఆ ఏడాదిని మరిచిపోకూడదనే. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది ఆ రాత్రి ఎవరికి పట్టింది?

సెంటర్‌ఐస్:
1969 వేరే సంగతి. అక్కడ ఎదురుగా ఉన్నది నిజంగానే అప్పటి మేటి సోవియట్ జట్టు. అంటే మీ ఉదాహరణ నా వాదనకే బలం.

చిన్న జట్లకు అవకాశం అంటున్నారు. 2002 ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్ మరిచిపోయారా? సుందీన్, లిద్‌స్ట్రోమ్ లాంటి స్టార్లున్న స్వీడన్‌ను బెలారస్ 4-3తో ఇంటికి పంపింది. బెలారస్ ఆటగాడు కొపాట్ దూరం నుంచి కొట్టిన పక్ స్వీడన్ గోల్‌కీపర్ టామీ సాలో మాస్క్‌కు తగిలి గాల్లోకి లేచింది. సాలో అది ఎక్కడుందో వెతుక్కునేలోపు వెనక పడి గీత దాటింది. 1994 ఒలింపిక్స్ ఫైనల్ షూటౌట్‌లో కెనడా ఆటగాడు కారియాను ఆపి స్వీడన్‌కు బంగారం తెచ్చిన సాలోయే ఇతను. మేటి ఆటగాళ్లున్న జట్టును ఓడిస్తే ఆ గెలుపుకు విలువ. 2023లో అమెరికా రెండో వరస జట్టును పంపితే లాత్వియా ఓడించి కాంస్యం తీసుకుంది. సంతోషమే. కానీ రెండింటినీ ఒకే తక్కెడలో వేయకండి.

పాతస్కేట్:
"సంతోషమే" అని విదిలించకండి. లాత్వియా ఆటగాడు రూబిన్స్ ముందు 3-3 చేశాడు, ఓవర్‌టైమ్‌లో మళ్లీ తనే కొట్టాడు. ఆ రాత్రే లాత్వియా పార్లమెంటు అర్ధరాత్రి కూర్చుని మర్నాడు సెలవు ప్రకటించింది. అమెరికా ఎవరిని పంపిందన్నది అమెరికా తలనొప్పి. దానికి లాత్వియా కుర్రాళ్లు ఎందుకు సంజాయిషీ చెప్పాలి? మీలాంటి వాళ్లు ఆటను చూడరు, పేర్లు చూస్తారు.

సెంటర్‌ఐస్:
వ్యక్తిగతంగా వెళ్లొద్దు. ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. రేపు లాత్వియాకు ఇద్దరు పెద్ద స్టార్లు దొరికి, టోర్నీ మధ్యలో వస్తామంటే వద్దంటారా?

గోల్‌పోస్ట్:
ఈ ప్రశ్నకు జవాబు నాకూ కావాలి.

పాతస్కేట్:
వద్దంటాను.

నేను గోల్‌కీపర్‌ని. మా క్లబ్‌కు సీజన్ మొత్తం గోల్ దగ్గర నిలబడింది నేను. ఫైనల్‌కు ముందు పై లీగ్ నుంచి ఇంకొకణ్ణి తెచ్చి నన్ను బెంచ్ మీద కూర్చోబెట్టారు. కోచ్ నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు, లాకర్ రూమ్ గోడకు అంటించిన కాగితం చూసి తెలుసుకున్నాను. గెలిచారు. గ్రూప్ ఫొటోలో నేనూ ఉన్నాను, ప్యాడ్లు కట్టుకుని, ఒంటి మీద చెమటచుక్క లేకుండా. కాబట్టి "అత్యుత్తములు" అనే మాట ఎవరన్నా నాకు ఆ కాగితమే కనిపిస్తుంది.

సెంటర్‌ఐస్:
మీకు జరిగింది అన్యాయమే, ముందే చెప్పి ఉండాల్సింది. కానీ ఆ గదిలో మీతోపాటు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లూ సీజన్ మొత్తం ఆడారు, ఆ కప్పు కోసమే ఆడారు. మీ చోటు కాపాడటానికి వాళ్లు ఓడిపోవాలా?

పైగా మీరు నెత్తిన పెట్టుకునే టోర్నీలో జరిగేదే అది. జట్లు కొన్ని స్థానాలు ఖాళీగా ఉంచుకుని ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎవరు ఓడిపోతారా అని ఎదురుచూస్తాయి. 2024లో తన ఎన్‌హెచ్‌ఎల్ జట్టు బోస్టన్ ప్లేఆఫ్స్‌లో ఓడాక చెక్ స్టార్ పాస్తర్నాక్ సగం టోర్నీ అయ్యాక ప్రాగ్‌లో దిగాడు. ఫైనల్లో మూడో పీరియడ్ దాకా 0-0. తాళం తీసిన గోల్ పాస్తర్నాక్‌దే. మీరు ఇందాక గొప్పగా చెప్పుకున్న చెక్ బంగారం అలా వచ్చింది.

బ్లూలైన్_4:
ఆ ఫైనల్ కూడా చిన్న రింక్ మీదే ఆడారా, ఎవరైనా చెప్పగలరా?

రెండో_పీరియడ్:
సెంటర్‌ఐస్ అన్నా, పాస్తర్నాక్ వచ్చింది తన దేశానికే కదా. అద్దెకు తెచ్చుకున్నవాడు కాదు. క్లబ్బు వేరు, దేశం వేరు.

పాతస్కేట్:
నాకు తేడా లేదు. క్లబ్బయినా దేశమైనా, మొదటి మ్యాచ్‌కు పేరు రాసినవాళ్లే చివరి మ్యాచ్ దాకా ఆడాలి. టోర్నీ మొదలైన రోజే జాబితా మూసేయాలి. ఎవరికైనా గాయమైతే తప్ప కొత్త పేరు చేర్చకూడదు. ఈ నిబంధన వస్తే నా కన్నా సంతోషించేవాడు ఉండడు.

గోల్‌పోస్ట్:
అప్పుడు ప్రాగ్‌లో ఆ గోల్ ఎవరు కొట్టేవాళ్లు?

పాతస్కేట్:
మొదటి రోజు నుంచీ ఉన్నవాడు ఎవరో ఒకరు. ఎవరూ కొట్టకపోతే ఓడిపోతారు, వాళ్ల ఓటమి వాళ్లదే అవుతుంది.

సెంటర్‌ఐస్:
సొంతగడ్డ మీద ఫైనల్, ఆడగలిగినవాడు ఊళ్లోనే ఉన్నాడు, జాబితా మూసేశామని వాణ్ణి స్టాండ్స్‌లో కూర్చోబెట్టి ఓడిపోవాలంటారు. ఆ రాత్రి ప్రాగ్‌లో ఒక్క మనిషి చేతా మీరు దీనికి సరే అనిపించలేరు.

పాతస్కేట్:
ఒక్కడున్నాడు. పాస్తర్నాక్ కోసం ఆ రోజు జట్టులో ఎవరి చోటు పోయిందో వాణ్ణి అడగండి.