ఢిల్లీ పంపిన బిల్లు మీద అసెంబ్లీ చర్చ: పనికొస్తుందా, ఉత్త తంతా?

గుంటూరు మిర్చి:
జూన్ 2 వచ్చిందంటే మా ఇంట్లో ఇదే గొడవ. అసెంబ్లీ వద్దన్నా రాష్ట్రాన్ని ముక్కలు చేశారంటాడు నాన్న, వచ్చిన ఛాన్స్ మనోళ్లే పాడు చేసుకున్నారంటా నేను. 2013 డిసెంబర్‌లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ విభజన బిల్లుని మన అసెంబ్లీకి పంపి, అభిప్రాయం చెప్పడానికి జనవరి 23 దాకా టైమ్ ఇచ్చారు, అడిగితే ఇంకో వారం పెంచారు కూడా. మనం ఏం చేశాం? వెల్‌లోకి పరుగులు, వాయిదాలు, ఆ ఏడు భోగి మంటల్లో బిల్లు కాపీలు (మా వీధిలో ఒకాయన జిరాక్స్ తీయించి మరీ తెచ్చి పిడకల దండతో పాటు వేశాడు), తొమ్మిది వేల పైచిలుకు సవరణలు, చివరికి జనవరి 30న బిల్లు వద్దంటూ సీఎం కిరణ్ కుమార్ రెడ్డి పెట్టిన తీర్మానం మూజువాణి ఓటుతో పాస్ చేసి తిప్పి పంపడం. ఫిబ్రవరి 20కి రాజ్యసభలో కూడా అయిపోయింది. ఇప్పుడు చట్టం 13వ షెడ్యూల్ తీసి చూడండి, కడప స్టీల్ ప్లాంట్‌కి సాధ్యాసాధ్యాలు పరిశీలించాలంట, రైల్వే జోన్‌కి కూడా పరిశీలించాలంట. వద్దు వద్దని అరిచే బదులు ఇలాంటి మాటల దగ్గర పట్టుబట్టి కూర్చోవాల్సింది.

వకీలు గారు:
మిర్చి గారూ, చట్టం ప్రకారం మీ నాన్నగారి వాదన నిలబడదు. రాష్ట్రాల్ని విడదీసే అధికారం పార్లమెంట్‌కిచ్చే రాజ్యాంగం ఆర్టికల్ 3లో రాష్ట్ర సభ నుంచి అడగాల్సింది అభిప్రాయం, అనుమతి కాదు. 1956లో బొంబాయి రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేస్తామని అక్కడి సభకి బిల్లు పంపారు, వాళ్లు చర్చించారు, తీరా పార్లమెంట్ మొత్తం మార్చేసి ఒకే పెద్ద ద్విభాషా రాష్ట్రం చేసింది, మళ్లీ అడగనూ లేదు. బాబూలాల్ పరాటే కేసులో సుప్రీం కోర్టు అది సరే అంది. అభిప్రాయానికి గడువు పెట్టే అధికారం రాష్ట్రపతికి 1955 రాజ్యాంగ సవరణతోనే వచ్చింది, లేకపోతే సభలు బిల్లుల్ని ఏళ్ల తరబడి నానబెట్టేవి.

ఓరుగల్లు పోరడు:
అన్నా మిమ్ముల అడుగుడన్నా అడిగిండ్రు. పోలవరం పేరు మీద మా ఖమ్మం జిల్లా ఏడు మండలాలు అటు గుంజుకున్నప్పుడు మా అసెంబ్లీని ఎవ్వలడిగిండ్రు? 2014 మేల ఆర్డినెన్స్, జులైల పార్లమెంట్ల పాస్. భద్రాద్రి రాముని గుడి ఇటు, గుడి భూములు పురుషోత్తపట్నంల అటు! ఇంకోటి, ఉమ్మడి సభల 294 మంది ఉంటే మావోళ్లు 119, గా లెక్కల మా మాట ఎన్నడన్న నెగ్గుతదా? అసెంబ్లీకి అడ్డుకునే పవర్ ఉంటే ఇంకో వందేండ్లయినా తెలంగాణ రాకపోవు.

సీమ బిడ్డ:
ఏం మిర్చీ, పట్టుబట్టి కూర్చుంటే ఢిల్లీవాళ్లు వింటారా సామీ? లోక్‌సభలో టీవీ ప్రసారం ఆగిపోయి తలుపులు మూసి పాస్ చేసినోళ్లు. రాజ్యసభలో మన్మోహన్ సింగ్ ఐదేండ్లు ప్రత్యేక హోదా అని నోటితో చెప్పినాడు, ఏమైంది? ఎట్లా వినరని తెలిసినప్పుడు కనీసం గట్టిగా వద్దని రికార్డులోకి ఎక్కించినారు, దాంట్లో తప్పేముంది.

కార్డిఫ్ తెలుగోడు:
మధ్యలో దూరుతున్నా. నేనుండే వేల్స్‌లో ఇదే పంచాయితీ. బ్రెగ్జిట్ చట్టానికి లండన్ ఇక్కడి సభనీ స్కాట్లండ్ సభనీ సమ్మతి అడిగింది, ఎందుకంటే యూరప్ నుంచి తిరిగొచ్చే అధికారాలు ముందు లండన్ దగ్గరే ఉంచుకుంటామన్నారు. వేల్స్ వాళ్లు ఎదురుగా సొంత బిల్లు పాస్ చేసి బెదిరించి బేరమాడి లండన్ బిల్లులో మార్పులు తెచ్చుకుని 2018 మే 15న సరే అన్నారు. అదే రోజు స్కాట్లండ్ 93-30తో వద్దంది, అయినా చట్టం వచ్చేసింది. అలాగని బేరం ప్రతిసారీ పారదు లెండి, 2020లో ఇంటర్నల్ మార్కెట్ బిల్లుకి (బ్రిటన్ లోపలి వ్యాపార నిబంధనల బిల్లు) రెండు సభలూ వద్దన్నాయి, లండన్ ఆగలేదు.

గుంటూరు మిర్చి:
కార్డిఫ్ అన్నా థాంక్స్, నేను చెప్పేది ఆ 2018 వేల్స్ దారే. సీమ అన్నా, హోదా నోటిమాటగా మిగిలిందన్నావు చూడు, నా బాధా అదే, కాగితం మీద లేదు కాబట్టే ఎగిరిపోయింది. ఎట్లాగూ ఆపలేమని తెలిసినప్పుడు తొమ్మిది వేల సవరణలు ఎందుకు, అన్ని పార్టీలు కలిసి ఒక పది పట్టుకుని, హోదా, లోటు బడ్జెట్, స్టీల్ ప్లాంట్, ఇవి రాసిస్తేనే మా ఎంపీలు సీట్లలో కూర్చుంటారని చెప్పుంటే? ఒప్పుకునేవాళ్లో లేదో, అడిగినట్టయినా ఉండేది.

వకీలు గారు:
ఆ పది ఏవో తేల్చుకోవడానికే ఇంకో ఆరు వారాలు పట్టేది లెండి. పోనీ మీకు వద్దనడానికైనా సభ ఉంది. 2019లో జమ్మూ కాశ్మీర్‌ని విడదీసినప్పుడు అక్కడ రాష్ట్రపతి పాలన, సభే రద్దయి ఉంది, ఆ సభ చెప్పాల్సిన అభిప్రాయం కూడా పార్లమెంటే చెప్పేసుకుంది.

ఓరుగల్లు పోరడు:
మిర్చన్నా, గా పదిల మా ఏడు మండలాలు కూడ రాసేటోనివా మరి?

గుంటూరు మిర్చి:
😅 థ్రెడ్ మొత్తం నాన్నకి చదివి వినిపించా. నీ మెసేజ్ దగ్గర ఆపి "వాళ్ల సభని అడక్కపోవడం తప్పేరా" అన్నాడు, ఒక నిమిషం ఆగి "కానీ పోలవరం మనకి కావాలిగా" అన్నాడు.